వీడ్కోలు భోజనాల దగ్గర ఇచ్చిన మాటలు

పాస్టరు పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు హిందూపురంలో మా ఇంటికి వస్తుంటారు. మొదటి ప్రసంగం ఎలా చెయ్యాలి, సంఘ పెద్దలతో ఎలా నెగ్గుకురావాలి, పెళ్లి జరిపించేటప్పుడు తడబడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అని అడుగుతారు. ఊరు విడిచి ఎలా వెళ్లాలి అని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. వాళ్ల వయసులో నేనూ అడగలేదు. అడగకపోయినా చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఈ పనిలో నేను బాగా చేసినవన్నీ ఎవరో ఒకరు నేర్పితే వచ్చినవే. చెడగొట్టింది మాత్రం సొంత తెలివితో చెడగొట్టాను.

ఎన్నేళ్లు చేశాను, ఎప్పుడు బదిలీ అయ్యాను, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి రాయను. అవి ఎవరికీ పనికిరావు. హిందూపురంలో మొదలుపెట్టాను, ధర్మవరంలో నడివయసు గడిపాను, పెనుకొండలో రిటైరయ్యాను. మూడు ఊళ్లనూ ప్రేమించాను, అందులో అబద్ధం లేదు. ఒక్క ఊరిని కూడా సరిగ్గా విడిచిపెట్టలేకపోయాను.

రాతి గుండె అనుకున్న మనిషి

హిందూపురంలో నేను చిన్న పాస్టరుగా చేరినప్పుడు పెద్ద పాస్టరు దేవసహాయం అయ్యగారు. మనిషి పొడుగు, మాట పొట్టి. మడకశిర వైపు నుంచి వచ్చిన ముసలివాళ్లకు తెలుగు ప్రసంగం సరిగ్గా అర్థం కాదని, గుడి బయట మెట్ల మీద కూర్చుని అదే కన్నడంలో మళ్లీ చెప్పేవాడు. నేను ఆలస్యంగా వస్తే తిట్టేవాడు కాదు, నేను లేకుండానే ఆరాధన మొదలుపెట్టేవాడు. దానికన్నా తిట్టడమే నయం అనిపించేది.

జబ్బు పడిన ఇంటికి మొదటిసారి ఆయనతో వెళ్లినప్పుడు నేను గడప దాటుతూనే బైబిలు తెరిచాను. ఆయన నా మోచేయి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టాడు. "ముందు కూచో. వాళ్లు చెప్పేది ఇను. నీ పుస్తకం యాడికీ పోదు" అన్నాడు. ఉద్యోగం మొత్తంలో నాకు దొరికిన మంచి పాఠాల్లో అదొకటి. ఇది చదివేవాళ్లు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా దీన్ని గుర్తుపెట్టుకోండి.

ఆయనకు బదిలీ వచ్చింది. మా సంఘాల్లో ఒక అలవాటు ఉంది. పాస్టరు ఊరు విడిచి వెళ్తున్నాడంటే ఇంటింటికీ భోజనానికి పిలుస్తారు. నాటుకోడి పులుసు, సంగటి, బొబ్బట్ల లాంటి ఓళిగలు, నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన, కాస్త ఏడుపు. దేవసహాయం అయ్యగారు ఒక్క ఇంటికీ వెళ్లలేదు. "అందరం గుడి ఆవరణలో కలిసి తిందాం, ఒకటే పూట" అన్నాడు. ఊరంతా నొచ్చుకుంది. ఆఖరి ఆదివారం మామూలు ప్రసంగమే చేశాడు. చివర ఆశీర్వాదం చెప్పే వేళకు కొత్తగా వచ్చిన పాస్టరును ముందుకు పిలిచి, తాను దిగివచ్చి భార్య పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. మర్నాడు బస్సెక్కి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు హిందూపురంలో ఆయన ప్రాణస్నేహితుడు, టైలరు యాకోబు చనిపోయాడు. సమాధి దగ్గర ప్రార్థన చెప్పి మట్టి చేసేది దేవసహాయం అయ్యగారేనని అందరం అనుకున్నాం. ఆయన వచ్చాడు, కానీ పాస్టర్లు వేసుకునే తెల్ల అంగీ లేకుండా మామూలు పొట్టి చేతుల చొక్కాతో వచ్చాడు. యాకోబు కొడుకులు కాళ్లావేళ్లా పడ్డారు.

"మీ పాస్టరు ఉండాడు గదప్పా. నేను ఏడ్చేదానికి వచ్చినా" అన్నాడు.

అన్నట్టే వెనక నిలబడి ఏడ్చాడు. కొత్త పాస్టరు మన్ను వేశాక, ఊళ్లోవాళ్లతోపాటు వరుసలో నిలబడి తన పిడికెడు తానూ వేసి పక్కకు తప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి మా ఆవిడ రత్నమ్మతో, "ఆయనది రాతి గుండె" అన్నాను.

"రాయి ఏడుస్తాదా?" అంది రత్నమ్మ.

అంతకుముందు బస్టాండు దాకా ఆయన వెంట నడిచి, ఎందుకిలా చేశారని అడగనే అడిగాను. "గుడి తాళాలు ఇచ్చినంత మాత్రాన ఊరు అప్పజెప్పినట్టు గాదు. ఊర్లో మొదటి చావుకు ఎవరు ముందు నిలబడితే వాళ్లే జనాలకు పాస్టరు. అది గూడా నేనే తీసుకుంటే ఆ పిల్లోనికి ఏం మిగుల్తాది?" అన్నాడు. నేను బుద్ధిగా తల ఊపాను. బస్సు కదిలేసరికి మర్చిపోయాను.

మగ్గం మీద ఫోను

ధర్మవరంలో మా గుడికి రెండువైపులా మగ్గాల ఇళ్లు. నేను ప్రసంగం చేస్తుంటే ఆ ఇళ్ల నుంచి మగ్గాల చప్పుడు ఆగకుండా వినిపించేది. మొదట్లో చిరాకుపడ్డాను, తర్వాత అది లేకపోతే ప్రసంగం సాగేది కాదు. గోడ పక్కింటి నాగరాజు పట్టుచీరలు నేసేవాడు. వాళ్లు హిందువులు. మగ్గం మీదికి కొత్త చీర ఎక్కించిన ప్రతిసారీ ఆయన భార్య, పేరు లక్ష్మీదేవి, ముందు ఇంట్లో పూజ చేసుకుని, ఆ తర్వాత మా గుమ్మంలోకి వచ్చేది.

"మా సామికి మొక్కుకున్నాం సామీ. మీ సామికి గూడా ఒక మాట చెప్పిపోండి. ఇద్దరూ చూసుకుంటే మంచిదే గదా" అనేది.

వెళ్లి మగ్గం పక్కన నిలబడి ప్రార్థన చేసేవాణ్ణి. మా సంఘంలో కొందరు మూతి ముడిచారు. నేను పట్టించుకోలేదు. ఇప్పటికీ ఆ విషయంలో నేను చేసిందే సరైనదని అనుకుంటున్నాను.

పొరపాటు జరిగింది అక్కడ కాదు. నాకు పెనుకొండకు బదిలీ అయినప్పుడు లక్ష్మీదేవి, "ఇంగ మాకెవరు చెప్తారు సామీ?" అని అడిగింది. జవాబు గోడకు అవతలే ఉంది. కొత్త పాస్టరు అప్పటికే సామాను దించుకున్నాడు. ఆయన్ని పిలిచి పరిచయం చేస్తే పని అయిపోయేది. నేను మాత్రం, "ఫోన్ చెయ్యమ్మా, ఫోన్లోనే చేస్తా" అన్నాను. ఆమె మురిసిపోయింది. ఆమెకన్నా ఎక్కువ నేను మురిసిపోయాను.

అప్పటి నుంచి ఫోను తీసుకెళ్లి మగ్గం మీద పెట్టేవారు, నేను పెనుకొండ నుంచి ప్రార్థన చేసేవాణ్ణి. అది చూసి మా సంఘంవాళ్లూ మొదలుపెట్టారు. జ్వరానికి నాకే ఫోను, పరీక్షకు నాకే, పెళ్లిచూపులకు నాకే. సగం భోజనంలో ఎంగిలి చేత్తోనే కళ్లు మూసుకునేవాణ్ణి. బత్తలపల్లిలో ఒక పెళ్లి దగ్గర ఆ ధర్మవరం పాస్టరు కలిశాడు. నెమ్మదస్తుడు. పక్కపక్కన కూర్చుని తింటుంటే నవ్వుతూ, "మా ఊరోళ్లంతా బాగుండారా అయ్యగారూ? మీకే గదా తెలిసేది" అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆ మాటలోని ముల్లు నాకు దిగడానికి చాలా ఏళ్లు పట్టింది.

పెనుకొండలో తిన్న కోళ్లు

పెనుకొండలో రిటైరయ్యే రోజులు వచ్చాయి. భోజనాలు మొదలయ్యాయి. దేవసహాయం అయ్యగారిలా నేను జనాన్ని నొప్పించకూడదు అనుకున్నాను. ఒక్క ఇల్లూ వదల్లేదు. ప్రతి ఇంట్లో చెయ్యి కడుక్కునేలోపే ఒక కోరిక వచ్చేది. మా పాప పెండ్లి మీ చేతి మీదుగానే జరగాల అయ్యగారూ. మా ఇల్లు మీరే ప్రతిష్ఠ చెయ్యాల. మనుమడు పుడితే పేరు మీరే పెట్టాల. నేను అందరికీ "అట్లనే" అన్నాను. ఓళిగ మీద నెయ్యి వేసిన చేతికి కాదని చెప్పడం నాకు చేతకాలేదు.

సుగుణమ్మ టీచరమ్మ ఇంట్లో భోజనం చివరిది. ఊళ్లో సగంమందికి అక్షరాలు దిద్దించిన మనిషి. ఆమెకు నేను కూడా కొంచెం భయపడేవాణ్ణి. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర, "ఈ పొద్దు శానా దూరం పోయినావు గానీ యాడికీ చేరలేదయ్యా" అని నా ప్రసంగానికి అక్కడికక్కడే మార్కులు వేసేది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు జయరాజు మా సంఘ పెద్ద, పెనుకొండలో నాకు కుడిభుజం. జయరాజు కూతురు రాణి మేనత్తకు తోడుగా ఆ ఇంట్లోనే ఉండేది.

భోజనం అయ్యాక సుగుణమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మాట ఇయ్యి. నా మన్ను నీ చేతి మీదుగానే పడాల."

సమాధి దగ్గర ముందుగా మూడు పిడికెళ్ల మన్ను వేసేది పాస్టరు. తర్వాతే ఊరు వేస్తుంది. మా వైపు పెద్దవాళ్లకు ఆ చెయ్యి ఎవరిదన్నది చిన్న సంగతి కాదు. నేను ఆమె చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను. పక్కనే ఉన్న జయరాజు నవ్వుతూ, "అట్లయితే నాగ్గూడా ఇయ్యండి అయ్యగారూ, మల్లా మీరు దొరకరు" అన్నాడు. ఆయనకూ ఇచ్చాను. రత్నమ్మ దోవలో, "ఇంగ మీరు చచ్చేదానికి గూడా తీరికుండదు" అంది.

ఆఖరి ఆదివారం సంఘంతో, "నేను యాడికీ పోలేదు. హిందూపురం ఎంత, గంట దూరం. పిలిస్తే పలుకుతా" అన్నాను. చప్పట్లు మోగాయి. ముందు వరుసలో కొత్త పాస్టరు కృపావతి కూర్చుని ఉంది. ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

కృపావతిది నల్లమాడ దగ్గర పల్లె, చెనిక్కాయలు, అంటే వేరుశనగ, పండించే కుటుంబం. మా ప్రాంతంలో ఆడ పాస్టరు కొత్త. ఏమని పిలవాలో కూడా జనానికి తెలియదు. అయ్యగారు అనలేరు, అమ్మగారు అంటే పాస్టరు భార్య. చివరికి పాస్టరమ్మ అన్నారు, అదీ కాస్త నవ్వుతూనే. నేను ఆమెకు తాళాలు ఇచ్చాను, రిజిస్టర్లు ఇచ్చాను, ప్రభువు బల్ల గిన్నెలు లెక్కపెట్టి ఇచ్చాను. ఒక్క ఇంటికైనా వెంట తీసుకెళ్లి, "ఇకమీదట మీకు ఈమె" అని చెప్పలేదు.

ఇస్త్రీ చేసిన అంగీ

రిటైరయ్యాక మొదటి ఆదివారం నాకు భయం వేసింది. ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. తెల్లవారితే వెళ్లాల్సిన చోటు లేదు, నా కోసం ఎదురుచూసే జబ్బుమనిషి లేడు. మార్కెట్లో కూరగాయలమ్మే ఆమె, "ఏమప్పా పెద్దాయనా, జరుగు, ఎనక మనుషులు నిలబడుండారు" అంది. ఆమె తప్పేమీ లేదు. నలభై అడుగుల దూరం నుంచి "అయ్యగారూ" అని చేతులు జోడించే మనుషుల మధ్య బతికినవాడికి ఆ మాట ఎలా తగిలిందో చెప్పలేను. నేను ఎవరినీ కాకుండా పోయానని ఆ రోజు నిజంగా అనుకున్నాను.

తర్వాత పెనుకొండ నుంచి ఫోను వచ్చింది, పెళ్లికి. ప్రాణం లేచొచ్చింది. రత్నమ్మ అంగీ ఇస్త్రీ చేస్తూ, "పెండ్లికొడుకు ఆ పిల్లోడా, మీరా?" అంది. ఆ పెళ్లి తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత ఇంటి ప్రతిష్ఠ. వెళ్లే ప్రతిసారీ మర్యాదగా కృపావతికి ఫోను చేసేవాణ్ణి. "ఏమనుకోవద్దమ్మా, పాత మాట." ఆమె ప్రతిసారీ, "పర్వాలేదు అయ్యగారూ" అనేది. దాన్ని నేను ఒప్పుకోవడంగా తీసుకున్నాను. పిల్లలూ, చిన్నవాళ్లు పెద్దవాళ్లతో పర్వాలేదు అంటే పర్వాలేదని కాదు.

ఒక ఉదయం జయరాజు ఫోను చేశాడు. "అక్క పోయింది అయ్యగారూ. మాటిచ్చినారు గదా, రాండి." ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. కొంతకాలంగా ఆమె మంచాన ఉందని తెలుసు. చూడ్డానికి వెళ్లాలి వెళ్లాలి అనుకుంటూనే, పెళ్లిళ్లకు వెళ్లాను గానీ ఆమె దగ్గరికి వెళ్లలేదు.

మా వైపు సమాధుల తోట గేటు దగ్గర ఆడవాళ్లు ఆగిపోతారు. లోపలికి మగవాళ్లే వెళ్తారు. క్రైస్తవులమైనా మాకు ఆ అలవాటు పోలేదు. ఆ రోజు పెట్టె ముందు కృపావతి తెల్ల అంగీతో, చేతిలో పుస్తకంతో గేటు దాకా నడిచింది. నేను ఆమె పక్కన నడిచాను. గేటు దగ్గర జయరాజు అడ్డం వచ్చి, ఆమెను చూడకుండా నా వైపు చెయ్యి చాచి, "రాండి అయ్యగారూ" అన్నాడు.

నేను వెళ్లాను. ఆమె ఆడవాళ్లతోపాటు గేటు బయట ఆగిపోయింది.

లోపల అన్నీ బాగా జరిపించాను. గొంతు బాగా పలికింది. మూడు పిడికెళ్లు వేశాను. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని నా మనసులో ఒక తృప్తి కూడా ఉండింది. అది దాచి లాభం లేదు.

సుగుణమ్మ ఇంటికి తిరిగొచ్చాక రాణి కాఫీ తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడింది.

"ఒక మాట చెప్పాల అయ్యగారూ. అత్త మీరిచ్చిన మాట ఇడిసేసింది."

"ఎప్పుడమ్మా?"

"మంచాన పడినాక. పాస్టరమ్మ దినామూ వస్తాండె. తల దువ్వి, నీళ్లు పోసి, పేపరు సదివి ఇనిపిస్తాండె. తప్పు సదివితే అత్త దిద్దుతాండె. ఆఖర్న చెప్పింది, నన్ను మట్టి చేసేది ఈ పాపే, ఆ పెద్దాయనకు ఫోన్ చేసి మాట ఇడిపించుకోండి అని. నాయన చెయ్యలేదు. మీరు నొచ్చుకుంటారని అన్యాడు. ఆడమనిషి లోపలికి వస్తే ఊరోళ్లు ఏమంటారో అని గూడా."

"నువ్వన్నా చెప్పొచ్చు గదా తల్లీ."

"చెప్దామనే గేటు కాడ నిలబడింటి. మీరు ఇటు చూడనే లేదు."

కాఫీ చల్లారిపోయింది. చనిపోయిన మనిషి ఆఖరి కోరికను నా చేతులతోనే పూడ్చి వచ్చాను. దాన్ని ఇక ఎవరూ తవ్వి తియ్యలేరు.

కృపావతి చెప్పింది

అక్కడి నుంచి నేరుగా పాస్టరు ఇంటికి వెళ్లాను. నేను ఎన్నో ఏళ్లు ఉన్న ఇల్లు. కృపావతి వరండాలో కూర్చుని ఊరి నుంచి వచ్చిన చెనిక్కాయలు ఒలుస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"నీకు తెలుసు గదమ్మా. ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాల అయ్యగారూ? మీరు తప్పుకోండి, నేను చేస్తాననా? శవం ముందర పెట్టుకొని కొట్లాడాల్నా?" కాసేపు ఒలిచింది. "ఆమె నాకు అమ్మ లెక్క. గేటు కాడ మీరు ఒక్క తూరి ఎనక్కి తిరిగి చూస్తారేమో అనుకుంటి. అంతే అయ్యగారూ. చూసింటే చాలు."

నేను క్షమించమన్నాను. సంఘం అందరి ముందూ ఆమె గురించి చెబుతానన్నాను, ఇంటింటికీ తీసుకెళ్లి పరిచయం చేస్తానన్నాను. ఆమె చేతిలోని కాయ పక్కన పెట్టింది.

"వద్దు. మీరు చెప్తే ఇంటారు. మల్లా అది మీ మాట మింద వచ్చిన మర్యాదే అయితాది. నాకు సిఫార్సు వద్దు. మీరిచ్చిన మాటలు మీరు ఎనక్కి తీసుకోండి. నా గురించి ఏమీ చెప్పొద్దండి."

ముప్పై దాటిన పిల్ల, నాకు తెలియని పని నాకు చెప్పింది. కోపం రాలేదంటే అబద్ధం. బస్సులో సగం దూరం కోపంగానే కూర్చున్నాను. మిగతా సగం దూరం దేవసహాయం అయ్యగారు గుర్తొచ్చాడు.

మాటలు వెనక్కి తీసుకోవడం

ఇంటింటికీ తిరిగి భోజనం చెయ్యడం తేలిక. తిన్న ఇంటికే వెళ్లి, "మీకిచ్చిన మాట నేను చెల్లించలేను" అని చెప్పడం ఎంత కష్టమో చేస్తే గానీ తెలియదు. వారానికి ఒకసారి బస్సెక్కి పెనుకొండ వెళ్లేవాణ్ణి. మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకునేవాణ్ణి కాదు. నేను రిటైరైన పాస్టరును, పెళ్లికి పిలిస్తే వచ్చి వెనక కూర్చుని భోంచేసి పోతాను, జరిపించను, అని చెప్పేవాణ్ణి. కృపావతి పేరు ఎత్తలేదు.

కొందరు ముఖం మాడ్చుకున్నారు. ఒక ఇంట్లో పెద్దాయన, "అట్లయితే మా కోడి మాకియ్యండి అయ్యగారూ" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు గానీ, ఆ కోడికి నేను ఏం బదులివ్వగలను? ఒక ముసలామె ఏడ్చింది. ఒక తల్లి మాత్రం గట్టిగా ఊపిరి వదిలి, "మా పాప పాస్టరమ్మనే అడుగుతాండాది అయ్యగారూ, మీకెట్ల చెప్పాలో తెలీక ఊరకుంటిమి" అంది. అలాంటివాళ్లు నేను అనుకున్నదానికన్నా ఎక్కువమందే తేలారు. అది వినడం కూడా కష్టంగానే ఉండింది.

ధర్మవరానికి ఫోను చేసి లక్ష్మీదేవికీ చెప్పాను. "ఆయన మాకు తెలీదు గదా సామీ" అంది. "గోడకు అవతలే ఉండాడు గదమ్మా. కొత్తలో నేనూ తెలీదు గదా" అన్నాను. "నిజమే" అని ఫోను పెట్టేసింది. ఆ ఇంటి నుంచి మళ్లీ ఫోను రాలేదు. కొత్త చీరలు ఎక్కిస్తూనే ఉంటారు కదా అని అప్పుడప్పుడు అనుకుంటాను.

జయరాజు దగ్గరికి ఆఖర్న వెళ్లాను. అక్క మాట దాచిపెట్టినందుకు ఆయనా లోపల కుములుతున్నాడు, అందుకే ఎక్కువ అరిచాడు.

"మా అక్క ఇడిసిందేమో, నేను ఇడ్సను. పాస్టరు అయ్యుండి మాట తప్పుతారా?"

"తప్పుతా జయరాజూ. ముందే చెప్తాండా. నువ్వు పోతే నేను వస్తా, ఏడుస్తా. మట్టి చేసేది మాత్రం నేను గాదు."

"సూద్దాం, ఆ పొద్దుకు ఎవరొస్తారో." తలుపు గట్టిగా వేసుకున్నాడు. మేము మళ్లీ మాట్లాడుకోలేదు. కుడిభుజం లాంటి మనిషిని అలా పోగొట్టుకున్నాను.

ఇది చదివే చిన్నవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. ఊరు విడిచేటప్పుడు అడిగినవాళ్లకల్లా "అట్లనే" అనకండి. మీ తర్వాత వచ్చేవాళ్ల పనిని ముందుగానే మీరు పంచిపెట్టేస్తున్నారు. జనం ప్రేమతోనే అడుగుతారు, మీరూ ప్రేమతోనే ఇస్తారు, అందుకే ఎవరికీ తప్పని తోచదు. రిటైరయ్యాక భయం వేస్తే భయం వేసిందని ఇంట్లో చెప్పుకోండి. దాన్ని అంగీ కింద దాచి పాత ఊరికి మోసుకెళ్లకండి.

గేటు దగ్గర

చెనిక్కాయ పెరికే రోజుల్లో రాణి ఫోను చేసింది. జయరాజు పొలం నుంచి వచ్చి పడుకుని, మళ్లీ లేవలేదు.

"నాయన మాట మీకు తెలుసు. ఏం చెయ్యాల అయ్యగారూ?"

ఆ తలుపు చప్పుడు చెవుల్లో మోగింది. "పాస్టరమ్మకు చేసినావా?" అన్నాను.

"లేదు."

"ముందు ఆమెకు చెయ్యి. నేను వస్తాండా."

రత్నమ్మ అంగీ తియ్యబోయి, ఆగి, నా పొట్టి చేతుల చొక్కా తీసి మంచం మీద పెట్టింది. ఆమె ఏమీ అనకుండా ఉన్న రోజులు మా కాపురంలో తక్కువ.

సమాధుల తోట దాకా వెనకనే నడిచాను. గేటు దగ్గరికి వచ్చేసరికి మగవాళ్లు ఆగి నా కోసం వెనక్కి చూశారు. నేను ఆడవాళ్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. "రాండి అయ్యగారూ, జయరాజుకు మాటిచ్చినారంట గదా" అన్నాడొకడు. "మీ పాస్టరమ్మ ఉండాది గదప్పా. నేను ఏడ్చేదానికి వచ్చినా" అన్నాను. నోట్లోంచి వచ్చాక గానీ అది ఎవరి మాటో నాకు తట్టలేదు.

ఎవరో గొణిగారు. ఎవరూ అడ్డం రాలేదు. కృపావతి పుస్తకం పట్టుకుని గేటు దాటింది. నాలుగు అడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది. గేటు బయట నిలబడిన ఆడవాళ్లందరినీ చూసింది, వాళ్ల మధ్య ఉన్న నన్నూ చూసింది.

"ఆడనే ఉంటే ఎట్ల? రాండి, అందరూ రాండి" అంది.

రాణి ముందు కదిలింది. ఆమె వెనక జయరాజు భార్య, ఆ వెనక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మిగతా ఆడవాళ్లు. కొందరు గేటు బయటే ఉండిపోయారు, ఎక్కువమంది వెళ్లారు. అందరికన్నా వెనక నేను వెళ్లాను.

ఆమె పుస్తకం తెరిచి మొదలుపెట్టింది. నేను చెప్పే మాటలే, నేను చెప్పే తీరు కాదు. నాకన్నా నెమ్మదిగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు చెప్పింది. మూడు పిడికెళ్లు వేసింది. తర్వాత రాణి నాయనకు తన చేత్తో మన్ను వేసింది. ఊరంతా వరుస కట్టింది. నా వంతు వచ్చినప్పుడు వంగి పిడికెడు తీసుకుని వేశాను. నా చేతి మన్ను జయరాజు మీద పడింది.

అప్పుడు తెలిసింది నాకు. ఆ అక్కాతమ్ముళ్లు నన్ను అడిగింది ఇంతే. నా చేతి మన్ను అడిగారు. ముందు నిలబడే చోటును నేనే కలుపుకున్నాను. సుగుణమ్మ రోజున కూడా గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగి, నువ్వు నడువమ్మా అని ఉంటే, ఆమె కోరిక నెరవేరేది, నా మాటా నిలిచేది. వరుసలో చివర నిలబడి నా పిడికెడు నేను వేసి వచ్చేవాణ్ణి.

బయటికి వచ్చేటప్పుడు ఊరివాళ్లు కృపావతి చుట్టూ చేరారు. ఎవరిదో పాపకు పేరు పెట్టాలని ఒకామె అడుగుతోంది, ఎప్పుడొస్తావు పాస్టరమ్మా అని. ఆ మాటలో ఇప్పుడు నవ్వు లేదు. నేను పక్కనుంచి జరిగి, సుగుణమ్మ సమాధి దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను. గడ్డి మొలిచి ఉంది. నిలబడ్డాను గానీ ప్రార్థన రాలేదు. "ఈ పొద్దు యాడికన్నా చేరినానా టీచరమ్మా?" అని అడిగి, చేతికి అంటిన మన్ను దులుపుకోకుండానే బస్టాండుకు నడిచాను.